కాదనగలిగిన కార్యదర్శి

పార్లమెంటు ఉభయ సభలలోనూ ప్రతి సమావేశ కాలంలో వందలకొద్దీ పత్రాలను సభ సమక్షంలో ఉంచడం ఆనవాయితీ. మంత్రి లేచి పత్రం పేరు చదువుతారు, కూర్చుంటారు. పత్రం గ్రంథాలయానికి చేరుతుంది. పత్రికా రచయితలలో కూడా దానిని తెరచి చూచేవారు బహు కొద్దిమంది. ఇలా గ్రంథాలయంలో నిద్రిస్తున్న పత్రాలలో షెడ్యూల్డు కులాల, షెడ్యూల్డు తెగల కమిషనర్ నివేదికలు ఒక పెద్ద వరుస. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు 338వ అధికరణం ఒక ప్రత్యేకాధికారిని నియమించవలసినదిగా రాష్ట్రపతిని ఆదేశించింది. ఈ వర్గాలకు రాజ్యాంగం కల్పించిన రక్షణలు ఎట్లా అమలు జరుగుతున్నవో విచారించడం, రాష్ట్రపతికి నివేదించడం ఆయన విధి. ఆ నివేదికను ఉభయ సభల ముందు ఉంచవలె. ఆ అధికారినే లోకం కమిషనర్ అని పిలిచింది.

ఈ పదవిలో కూర్చున్నవారిలో 1967 నుంచి 1970 వరకు ఉన్న ఒక వ్యక్తి మిగిలినవారికి భిన్నమైనవాడు. ఆయన ప్రభుత్వోద్యోగిగా ఎదిగినవాడు కాడు, ఎన్నికలలో నిలబడినవాడు కాడు. ఒరిస్సా అడవులలో జువాంగుల గుడిసెల నడుమ తిరిగిన మానవశాస్త్రజ్ఞుడు, కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన అధ్యాపకుడు. దేశ విభజనకు ముందు నొవాఖాలీలో మహాత్మా గాంధీకి కార్యదర్శిగా, ద్విభాషిగా పనిచేసి, ఆ మహాత్ముని ఎదుటనే ఆయన ఆచరణను విమర్శించి, సెలవు పుచ్చుకొని వచ్చినవాడు కూడా ఆయనే. ఆయన పేరు నిర్మల్ కుమార్ బోసు. వంగదేశంలో విద్యావంతులందరూ ఎరిగిన ఈ పేరు మన ప్రాంతంలో అంతగా వినిపించకపోవడం విచారకరమే. గిరిజన సమస్య అనగానే మనవారికి హైమెన్‌డార్ఫ్ పేరు స్ఫురిస్తుంది. కొమరం భీము తిరుగుబాటు అనంతరం నిజాము ప్రభుత్వం ఆదిలాబాదు గోండుల మధ్యకు పంపిన ఆ ఆస్ట్రియా దేశీయుని సేవ చిన్నది కాదు. కాని మన దేశంలోనే పుట్టి, మన సమాజాన్ని లోపలినుంచి చూచి, దాని నిర్మాణమేమిటని ప్రశ్నించిన పండితుని కథ తెలిసికొనడం కూడా అవసరం.

బోసు 1901 జనవరి 22వ తేదీన కలకత్తాలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భూగర్భశాస్త్రం చదివారు. పై చదువు సాగుతూండగా సహాయ నిరాకరణోద్యమం వచ్చింది. ఆనాటి యువకులు వేలమంది చేసినట్లే ఆయనా చదువుకు స్వస్తి చెప్పారు. అయితే కళాశాల విడిచినవారందరి వలె ఆయన చదువును విడువలేదు. పూరీ ప్రాంతానికి పోయి దేవాలయాలను చూడనారంభించారు. రాతిని భూగర్భశాస్త్రజ్ఞుని కంటితో చూడడం అప్పటికే అలవడింది. ఇప్పుడు ఆ రాతిని చెక్కిన మనిషిని చూడడం అలవరచుకొన్నారు. ఒరిస్సా శిల్పుల వద్ద పరంపరగా వస్తున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి, ఆ గ్రంథాలలోని పారిభాషిక పదాలకు అర్థాన్ని కోశాలలో గాక, ఉలి పట్టిన శిల్పుల నోట విని గ్రహించారు. ఆ కృషి ఫలితంగా ఒరిస్సా వాస్తు నియమాలను గురించిన ఆయన ఆంగ్ల గ్రంథం 1932లో వెలువడింది. దేవాలయ శిల్పాన్ని గురించి పుస్తకం రాయదలచినవాడు మొదట శిల్పినే గురువుగా ఎంచుకొనడం ఆ రోజులలో మామూలు సంగతి కాదు.

1925లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలోనే మానవశాస్త్రంలో ఎం.ఎస్‌సి. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. ఆ శాఖ అప్పటికి పుట్టి నాలుగైదేళ్లు మాత్రమే అయింది. 1929లో సాంస్కృతిక మానవశాస్త్రాన్ని గురించి చిన్న గ్రంథం ప్రకటించారు. పరిశోధకునిగా స్థిరపడవలసిన సమయంలో 1930 వచ్చింది, ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మళ్లీ అన్నీ వదలి జైలుకు వెళ్లారు. బోల్పూరు ప్రాంతంలో ఖద్దరు పని చేశారు. 1934 నవంబరులో వార్ధా వెళ్లి గాంధీజీని కలసికొని, ఆస్తి గురించి, ధర్మకర్తృత్వం గురించి, రాజ్యాధికారం గురించి సూటి ప్రశ్నలు వేశారు. రాజ్యం చేతిలో అధికారం పెరగడమంటే గాంధీజీకి ఎంత భయమో తెలియజేసే సంభాషణ అది. 1935లో మోడరన్ రివ్యూ పత్రికలో వెలువడిన ఆ సంభాషణను గాంధీజీ ఆర్థిక భావాలను చర్చించే పండితులు ఈనాటికీ ఉదహరిస్తూనే ఉన్నారు. భక్తునిగా పాదాల వద్ద కూర్చుండక పరీక్షకునిగా ఎదుట కూర్చున్నందువల్లనే ఆయన అటువంటి సమాధానాలు రాబట్టగలిగారని నా అభిప్రాయం. 1940లో గాంధీ సిద్ధాంతాలను గురించి ఒక గ్రంథం రాశారు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942లో అరెస్టయి, 1945 వరకు డండం జైలులో ఉన్నారు.

ఈ జైలు జీవితానికి ముందే, 1941లో, ఆయన సైన్స్ కాంగ్రెసులో ఒక పత్రం చదివారు. హిందూ సమాజం ఆదిమ జాతులను తనలో ఎట్లా కలుపుకొన్నదన్నది దాని విషయం. కొద్ది పుటల ఈ వ్యాసం భారతీయ మానవశాస్త్రంలో అత్యధికంగా చర్చకు గురియైన రచనలలో ఒకటి. దీనిని గురించి కొంత వివరంగా చెప్పుకొనక తప్పదు.

ఒరిస్సాలోని పాల్ లహరా సంస్థానంలో జువాంగులనే ఒక చిన్న తెగ ఉన్నది. కొండలలో పోడు చేసుకొని బ్రతికేవారు. అడవిలో పోడు కొట్టరాదని శాసనాలు వచ్చిన పిమ్మట వారి బ్రతుకు తెరువు పోయింది. వారు వెదురు బుట్టలు అల్లి, పల్లపు గ్రామాల హిందూ రైతులకు అమ్మి, బియ్యం తెచ్చుకొనసాగారు. బోసు గమనించిందేమిటంటే, వారి పూజలలో అప్పటికే లక్ష్మి పేరు వినవస్తున్నది, పూజకు ముందు స్నానం ఉన్నది. బ్రాహ్మణ పురోహితుడు మాత్రం వారి గుడిసెల దరిదాపులకు వచ్చినవాడు కాడు. ఎవరూ వారికి మతం ప్రబోధించలేదు, ఎవరూ వారిని మార్చలేదు. మరి ఈ మార్పు ఎట్లా వచ్చింది?

ఆయన సమాధానం ఆర్థికమైనది. హిందూ సమాజం వద్ద ఒక ఉత్పత్తి వ్యవస్థ ఉన్నది. గ్రామంలో ప్రతి వృత్తీ ఒక కులానికి వంశపారంపర్యంగా దత్తమైనది; ఆ వృత్తిలో మరొకరు పోటీకి రారాదు. కుండ కుమ్మరిది, గానుగ తెలికలవానిది, బుట్ట మేదరివానిది. కొండ దిగి వచ్చిన తెగకు ఈ వ్యవస్థ ఒక వృత్తిని చూపి, అందులో పోటీ లేకుండా కాపాడి, తిండికి హామీ ఇచ్చేది. వారి దేవతలను, పెండ్లి పద్ధతులను, ఆచారాలను చాలావరకు వారికే వదలిపెట్టేది. బదులుగా వారు సమాజంలో తమకు చూపిన మెట్టు మీద, అనగా సాధారణంగా అట్టడుగు మెట్టు మీద, నిలబడవలె. ఆకలికీ అవమానానికీ మధ్య ఎంచుకొనవలసి వచ్చినప్పుడు తెగలు కడుపు నిండే మార్గాన్నే ఎంచుకొన్నవన్నమాట. ఆంగ్లేయుల పాలనలో పోటీ వ్యాపారం, యంత్ర వస్తువులు వచ్చి ఈ వ్యవస్థ వెన్ను విరిచినవని, కులానికి వృత్తితో ఉన్న ముడి తెగిపోయినా కులం మాత్రం నిలచి ఉన్నదని ఆయన తరువాత తరువాత విస్తరించి చూపారు. 1901 నుంచి 1931 వరకు జనాభా లెక్కలను తీసికొని, వంగదేశంలో ఏ కులం వారు ఎంతమంది తమ కులవృత్తిలో మిగిలి ఉన్నారో లెక్క గట్టారు. 1949లో హిందూ సమాజ నిర్మాణాన్ని గురించి వంగభాషలో ఆయన వెలువరించిన గ్రంథానికి ఈ ఆలోచనే వెన్నెముక.

ఆ కాలంలో గిరిజన సమస్యపై రెండు పక్షాలు హోరాహోరీగా పోరాడుతున్నవి. ఆంగ్లేయుడైన వెరియర్ ఎల్విన్ 1939లో బైగాలను గురించి రాస్తూ, బయటివారి దోపిడీ నుంచి వారిని కాపాడడానికి వారి ప్రాంతాలను ప్రత్యేకంగా ఉంచవలెనన్నారు. బొంబాయిలో ఘుర్యే 1943లో దానికి జవాబుగా, ఆదిమ జాతులనబడేవారు వెనుకబడిన హిందువులు మాత్రమేనని వాదించారు. బోసు ఈ రెండు పక్షాలలో దేనికీ చెందరు. తెగలు హిందువులేనని ఆయన అనలేదు. ఎట్లా హిందువులయ్యారో, అందుకు ఏమి చెల్లించారో చెప్పారు.

ఈ సిద్ధాంతంలో లోపం లేకపోలేదు. దానికి ఐదేళ్ల ముందే, 1936లో, అంబేడ్కరు కుల నిర్మూలన గురించి రాస్తూ, కుల వ్యవస్థను పని విభజనగా సమర్థించడం చెల్లదని, అది పనివారినే మెట్లుమెట్లుగా విడదీసిందని తీవ్రంగా ఖండించి ఉన్నారు. బోసు చూపిన ఆర్థిక భద్రత నిజమే కావచ్చు. కాని ఆ భద్రత కింది మెట్టు వానికి ఎట్లా అనుభవంలోకి వచ్చిందన్నది వేరే ప్రశ్న. అసమానతను బోసు దాచలేదు, పేర్కొన్నారు. అయితే పేర్కొనడం వేరు, దానినే లెక్కకు మొదటి అంకెగా తీసికొనడం వేరు. ఆయన గ్రంథం చదివిన హరిజన విద్యావంతునికి ఈ తేడా మొదటి పుటలలోనే తెలుస్తుంది.

ఇక నొవాఖాలీ. 1946 అక్టోబరులో తూర్పు వంగదేశంలోని ఆ జిల్లాలో హత్యలు, గృహదహనాలు, బలవంతపు మతమార్పిడులు జరిగినవి. నవంబరు మొదటి వారంలో గాంధీజీ అక్కడికి చేరుకొన్నారు. నవంబరు 20వ తేదీన తన పరివారాన్నంతా తలా ఒక గ్రామానికి పంపివేసి, శ్రీరాంపూరు అనే పల్లెలో మకాం పెట్టారు. తన వద్ద ఇద్దరినే ఉంచుకొన్నారు. ఒకరు కేరళ నుంచి వచ్చిన స్టెనోగ్రాఫరు పరశురాం, మరొకరు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బోసు. సాయంకాలం ప్రార్థన సభలో గాంధీజీ హిందూస్తానీలో మాట్లాడితే దానిని వంగభాషలో జనానికి వినిపించడం, పత్రికలకు పాఠం తయారుచేయడం, ఉత్తరాలు చూడడం, వచ్చినవారితో మాట్లాడడం బోసు పని. వృద్ధుని ఒంటికి నూనె రాచి స్నానానికి సిద్ధం చేయడం కూడా ఆయన పనే. దీనికి తోడు రోజూ గాంధీజీకి వంగాక్షరాలు నేర్పేవారు. 77 ఏళ్ల వయస్సులో ప్రారంభించిన ఆ వంగ పాఠాన్ని గాంధీజీ 1948 జనవరి 30వ తేదీ ఉదయం కూడా మానలేదు.

బోసు అక్కడ చూచిన గాంధీజీ చిత్రపటాలలోని గాంధీజీ కాడు. రాత్రులు నిద్ర పట్టక, తన జీవితకాలపు సాధన యావత్తూ విఫలమైనదా అని తనలో తాను వెదకుకొంటున్న ఒంటరి మనిషి. తన అహింసలో ఏదో లోపం ఉండబట్టే ఎదుట ఈ హింస చల్లారడం లేదని గాంధీజీ నమ్మారు. ఆ నమ్మకంలో భాగంగానే ఆయన బ్రహ్మచర్య పరీక్ష వచ్చింది. ఈ విషయాన్ని గురించి చౌకబారు రచనలు చాలా వచ్చినవి కనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. పరశురాం 1947 జనవరి మొదట్లోనే అసమ్మతి తెలిపి వెళ్లిపోయారు. హరిజన్ పత్రికల సంపాదక బాధ్యతలు చూస్తున్న ఇద్దరు ఆత్మీయులు తమ బాధ్యతలనుంచి తప్పుకొన్నారు.

బోసు అభ్యంతరం వీరి అభ్యంతరాల వంటిది కాదు. గాంధీజీ చిత్తశుద్ధిని ఆయన శంకించలేదు, శాస్త్రాలను అడ్డం తేలేదు, లోకనిందకు భయపడలేదు. ఫ్రాయిడు మనోవిశ్లేషణను చదివిన శాస్త్రజ్ఞుడాయన. ఒక మహాపురుషుడు తన ఆత్మ పరీక్ష కోసం ఇతరులను, ముఖ్యంగా తనపై సంపూర్ణ భక్తి గల స్త్రీలను, సాధనంగా చేసుకొన్నప్పుడు వారి మనస్సులపై దాని ప్రభావం ఏమిటి? కాదనగల స్వేచ్ఛ వారికి నిజంగా ఉన్నదా? ఈ ప్రశ్నలను ఆయన గాంధీజీ ముఖం మీదనే అడిగారు, తరువాత ఉత్తరాలలో రాశారు. గాంధీజీ కోపగించుకొన్నారు, వివరించారు, మళ్లీ వివరించారు. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించలేకపోయారు. 1947 మార్చిలో గాంధీజీ మకాం బీహారుకు మారిన పిమ్మట, 18వ తేదీన బోసు సెలవు తీసికొని కలకత్తా వచ్చివేశారు.

అంతటితో వారి సంబంధం తెగలేదు. ఆగస్టులో గాంధీజీ కలకత్తాకు వచ్చి బేలియాఘాటాలోని హైదరీ మంజిల్‌లో సుహ్రావర్దీతో కలిసి నివసించినప్పుడు బోసు మళ్లీ ఆయన పక్కన ఉన్నారు. ఆగస్టు 15న దేశమంతా దీపాలు వెలిగించుకొంటున్న వేళ ఆ ఇంట్లో ఉపవాసం, ప్రార్థన, నూలు వడకడం జరిగినవి. దానికి ముందు ప్రభుత్వం వారు, ఆ పిమ్మట లండను రేడియో వారు సందేశం కావలెనని అడిగితే, చెప్పడానికి తనలో ఏమీ మిగలలేదని తెలియజేశారన్న సంగతి మనకు బోసు రచన మూలంగానే తెలిసింది. ఆగస్టు 31వ తేదీ రాత్రి అల్లరి మూక ఆ ఇంటి మీద పడింది. మరునాడు గాంధీజీ నిరాహార దీక్ష పూనారు. సెప్టెంబరు 4వ తేదీ రాత్రి నగరం ప్రశాంతమైన పిమ్మట విరమించారు. మార్చిలో విమర్శించి వెళ్లిన మనిషి ఆగస్టులో పిలువు అందగానే రావడం, అప్పుడు విమర్శను విన్న మనిషి ఇప్పుడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకోవడం రెండూ గమనింపదగినవే. ఢిల్లీలో నాయకుల చుట్టూ తిరిగే కార్యదర్శులను దశాబ్దాలుగా చూస్తున్నవాళ్లకు ఈ రెండు సంగతులూ నమ్మశక్యం కాకుండా ఉంటవి.

గాంధీజీతో తన రోజులను గురించి బోసు రాసిన ఆంగ్ల గ్రంథం 1953లో కలకత్తాలో వెలువడింది. జాతిపితను గురించి పొగడ్త తప్ప మరొకటి వినడానికి దేశం సిద్ధంగా లేని కాలమది. పుస్తకం నొప్పించినది చాలామందిని, చదివినవారు కొద్దిమందే. పెద్ద ప్రచురణ సంస్థ దానిని తిరిగి వెలువరించింది 1974లో, రచయిత గతించిన తరువాత. అయితే ఈ లోపల అమెరికాలో మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ 1969లో గాంధీజీని గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథంలో బోసు సాక్ష్యాన్ని చర్చకు తీసికొన్నారు. ఆ పిమ్మట గాంధీజీ చివరి దినాలను గురించి రాసినవారెవరూ బోసును దాటిపోలేకపోయారు. ఈ పుస్తకం గాంధీజీని తగ్గించిందని కొందరు బాధపడ్డారు. నిజానికి నొవాఖాలీ బురదలో కాళ్లకు చెప్పులైనా లేకుండా నడచిన ఆ వృద్ధుని గొప్పతనం దీనిలో కనిపించినంత స్పష్టంగా స్తోత్ర గ్రంథాలలో కనిపించదు.

స్వాతంత్ర్యానంతరం బోసు జీవితం ఒక దారిన పడింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన బోధించింది మానవశాస్త్రం కాదు, భూగోళ శాఖలో మానవ భూగోళం. రాంచీలో శరత్ చంద్ర రాయ్ 1921లో స్థాపించిన మ్యాన్ ఇన్ ఇండియా పత్రికకు 1951 నుంచి కడపటి వరకు సంపాదకులు. 1957-58లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లి వచ్చారు. 1959లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థకు డైరెక్టరయ్యారు. 1964 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఆ సంస్థలో అంతవరకు తలలు కొలిచి జాతులు నిర్ణయించే పనికి ప్రాముఖ్యం ఉండేది. బోసు వచ్చి, సిబ్బందిని దేశం మీదికి పంపారు. 300కు పైగా జిల్లాలలో పల్లెలకు పోయి, నాగలి ఎట్లా ఉన్నది, గానుగ ఎట్లా ఉన్నది, వంటకు ఏ నూనె వాడుతున్నారు, ఏ ధాన్యం తింటున్నారు, ఏమి కట్టుకొంటున్నారు, చెప్పులు, ఎడ్లబండి, ఇండ్ల వరుస ఎట్లా ఉన్నవి అని చూచి రమ్మన్నారు. ఆ వివరాలను దేశపటం మీద గుర్తించి 1961లో ప్రచురించారు. సమయం ఎటువంటిదో తలచుకొనవలె. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషా ప్రాతిపదిక మీద రాష్ట్రాల పునర్విభజన, 1960లో బొంబాయి రాష్ట్రం రెండుగా చీలడం జరిగినవి. భాషల వారీగా దేశం ముక్కలవుతుందని ఢిల్లీలో పెద్దలు బెంగపెట్టుకొన్న రోజులవి. బోసు పటాలు చూపినదేమిటంటే నాగలికి, గానుగకు భాషా సరిహద్దులు తెలియవు. ఒక భాషా ప్రాంతంలోనే రెండు మూడు రకాల నాగళ్లుంటవి. ఒకే రకం నాగలి రెండు మూడు భాషల నేలలను దున్నుతుంది. భౌతిక జీవితంలో వైవిధ్యం ఎక్కువ. సాంఘిక వ్యవస్థ లోనికి, ఆపైన భావాల లోనికి పోయినకొద్దీ ఏకత్వం ఎక్కువ అని ఆయన నిర్ధారించి, భారతీయ ఐక్యతను అడుగున వెడల్పై పైకి పోగా సన్నమయ్యే పిరమిడుతో పోల్చారు. ఆ శిఖరం మీది ఏకత్వంలో అడుగున ఉన్నవారికి ఎంత భాగమున్నదని మనం అడగవచ్చు. కాని వేదిక మీద ఐక్యతను గురించి ఉపన్యసించడానికి బదులు గానుగలు లెక్కించిన పండితుని పద్ధతి ముచ్చటగొలుపుతుంది.

తరువాత కలకత్తా నగరాన్ని పేట పేటగా సర్వే చేశారు. ఏ పేటలో ఏ భాషవారు, ఏ వృత్తివారు ఉన్నారో చూపే ఆ సర్వే 1968లో పుస్తకంగా వచ్చింది. పరిశ్రమలు ఎదగక ముందే నగరం ఎదిగిందని, ఉద్యోగాలు తక్కువై ప్రతి వర్గమూ తన వారి గుంపును, తన పాత వృత్తిని కరచిపట్టుకొన్నదని, పట్నంలో కులం కరగవలసింది పోయి వర్గాలుగా గడ్డకట్టిందని 1965లో ఒక అమెరికన్ విజ్ఞాన పత్రికలో వ్యాసం రాశారు. హైదరాబాదును ఈనాడు చూస్తున్నవారికి ఆ వ్యాసం కొత్త సంగతేమీ చెప్పదు. కాని అది రాసి 60 ఏళ్లు దాటింది. 1966లో పద్మశ్రీ వచ్చింది.

ఆ మరుసటి సంవత్సరమే కమిషనర్ పదవి. ఆయన తన వృత్తి జీవితమంతా చదివిన ప్రశ్నలు ఇప్పుడు దస్త్రాల రూపంలో బల్లమీదికి వచ్చినవి. కాని అదే 1967 జూనులో ఢిల్లీ పాలకులు మరొక పని చేశారు. కమిషనర్‌కు దేశమంతటా 17 ప్రాంతీయ కార్యాలయాలుండేవి. జిల్లాలలో ఏమి జరుగుతున్నదో చూచి చెప్పే కళ్లు, చెవులు అవే. వాటిని ఆయన చేతినుంచి తీసివేసి, వెనుకబడిన వర్గాల సంక్షేమానికి కొత్తగా ఏర్పరచిన డైరెక్టరేట్ జనరల్ కింద పెట్టారు. ప్రభుత్వ పనిని పరిశీలించవలసినవాని సిబ్బంది ప్రభుత్వ శాఖకే పోయింది. రాజ్యాంగం కమిషనర్‌ను నియమించమన్నదే గాని ఆయనకు గుమాస్తాలనివ్వమని చెప్పలేదు గదా! పాలనలో ఇటువంటి మార్పులకు పునర్వ్యవస్థీకరణ అని పేరు. ఆ తరువాత కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వాలు పంపే అంకెల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ అంకెలు ఎంత ఆలస్యంగా వచ్చేవో, ఎంత అసంపూర్ణంగా వచ్చేవో ఈ నివేదికలు తిరగవేసినవారికి తెలుసు.

ఆ మూడేళ్లూ ఎటువంటివి? 1967 అక్టోబరు 31వ తేదీన శ్రీకాకుళం జిల్లా లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులను కాల్చి చంపారు. ఆ కొండలలో తరువాత జరిగిన సంఘటనలు పాఠకులకు తెలిసినవే. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో ఒక హరిజన యువకుని కట్టివేసి సజీవంగా దహనం చేశారు. ఆ పొగ పార్లమెంటు వరకు వచ్చింది. 1969లో అస్పృశ్యతపై ఇళయపెరుమాళ్ సంఘం నివేదిక అందింది. అదే ఏడు 23వ రాజ్యాంగ సవరణ చట్టసభలలో ప్రత్యేక స్థానాలను మరో 10 ఏళ్లు పొడిగించింది. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపు నిబంధనను కఠినం చేసి, గిరిజనేతరులకు భూమి పోకుండా కట్టడి విధించింది. 1959 నాటి నిబంధనలో ఉన్న సందులు మూయడానికి లేవిడి అనంతర రక్తపాతం కావలసి వచ్చింది.

ఈ ప్రశ్నలపై బోసు ఆలోచన నేటి మనస్సులకు సులభంగా రుచించేది కాదు. పుట్టుకను ఆధారం చేసికొన్న ప్రత్యేక సౌకర్యాలు దీర్ఘకాలం సాగితే వేరుపాటు గట్టిపడుతుందని, ప్రయోజనం ఆ వర్గాలలోనే కాస్త నిలదొక్కుకొన్నవారికి చేరుతుందని ఆయనకు సందేహం. అన్ని కులాల పేదలూ ఒక ఆర్థిక పోరాటంలో కలిసి నడచినప్పుడే కులం విరుగుతుందన్నది ఆయన ఆశ. దాని వెనుక గాంధీ ప్రభావమూ ఉన్నది, జాతీయోద్యమ కాలపు విశ్వాసమూ ఉన్నది. జాతీయ సమైక్యతా సమస్యలపై 1967లోనూ, భారత జాతీయతపై 1969లోనూ వచ్చిన ఆయన పుస్తకాలు ఈ ధోరణిలోనివే. ఆయన సందేహించినదానిలో రెండవ భాగం నిజమని తరువాతి అర్ధశతాబ్దం కొంతవరకు నిరూపించింది. వర్గీకరణ పేరిట మన రాష్ట్రాలలో నడచిన ఉద్యమం, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దాని చుట్టూ తిరిగినవే. కాని మొదటి భాగంతో ఏకీభవించలేము. కంచికచర్లలో నిప్పు పెట్టినవారు ప్రత్యేక సౌకర్యాల వల్ల వేరుపడ్డవారు కారు. అన్ని కులాల పేదలూ కలిసి నడచేదాకా ఆగమని ఆ యువకుని బంధువులకు చెప్పగలిగినవారెవరు? బోసు మనిషిని చూచి సిద్ధాంతం దిద్దుకొనే శాస్త్రజ్ఞుడు. చేతిలో ఆ 17 కార్యాలయాలూ ఉండి ఉంటే ఆయన ఆలోచన ఏ దారి పట్టేదోనని అనిపిస్తుంది.

ఆ పదవి సంగతి కూడా ముగించి చెప్పవలె. ఆ తరువాతి కమిషనర్లలో 1986 నుంచి 1991 వరకు ఉన్న బి.డి. శర్మ నివేదికలు కొంత సంచలనం కలిగించినవి. 1990లో 65వ సవరణ కమిషనర్ స్థానంలో పలువురు సభ్యుల కమిషన్‌ను ఏర్పరచింది. 2003లో 89వ సవరణ దానిని కులాలకు ఒకటి, తెగలకు ఒకటిగా విడదీసింది. తెగలకు, కులాలకు ఒకే చరిత్రలో రెండు దశలుగా సంబంధం చూపిన బోసు ఈ విభజనను గురించి ఏమి రాసి ఉండేవారో!

1970లో పదవి నుంచి దిగి బోసు కలకత్తా చేరుకొన్నారు. పెండ్లి చేసికొనలేదు. నడచి తిరగడం, నోటు పుస్తకంలో రాసికొనడం, శిష్యులతో వాదించడం ఆయన దినచర్య. భారతదేశపు తెగలను గురించి సామాన్య పాఠకుల కోసం చిన్న పుస్తకాలు రాశారు. క్యాన్సరు వ్యాధితో బాధపడి 1972 అక్టోబరు 15వ తేదీన కన్నుమూశారు. శిష్యుడు సురజిత్ సిన్హా తరువాతి కాలంలో అదే సర్వేక్షణ సంస్థకు డైరెక్టరయ్యారు. గురువు జీవితాన్ని గురించి ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్టు 1986లో ప్రచురించింది. వంగభాషలో 1949లో వచ్చిన హిందూ సమాజ నిర్మాణ గ్రంథాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించిన ఆంద్రే బేతేయ్ ఆంగ్లంలోకి అనువదించారు. అది 1975లో వెలువడింది. మొదటి అధ్యాయం పాల్ లహరా కొండల మీది జువాంగులతో ప్రారంభమవుతుంది.